అరువు నాలుక

ఆర్లిస్ ప్రూయిట్ కుండలో నాలుగోసారి చెంచా ముంచాడు. ఊదుకుని నోట్లో పోసుకున్నాడు. నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు. నాలుగోసారీ అదే తంతు. గోరువెచ్చటి నీళ్ళు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పనంది నాలుక.

ఆ నీళ్ళలో అప్పటికే సగం డబ్బా కల్లుప్పు కరిగి ఉంది. నాలుగు గుప్పెళ్ళ గోధుమరంగు పంచదార, పిడికెడు మిరియాలు, బిరియానీ ఆకులు, రెండు నారింజ పళ్ళ తొక్కలు కూడా పడ్డాయి. వంటిల్లు ఘుమఘుమలాడుతూ ఉండాలి. ఆడుతోందో లేదో అతనికి తెలియదు. ఆగస్టులో పట్టుకున్న జ్వరం పది రోజులకి వదిలింది కానీ, పోతూ పోతూ రుచినీ వాసననీ మూట కట్టుకుపోయింది. "వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఈ మాట చెప్పడానికి అన్నేళ్ళు చదవాలా అని ఆర్లిస్ దారి పొడుగునా సణుక్కున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం భార్య లవోన్‌తో "అంతా బాగానే ఉందట" అని చెప్పి ఊరుకున్నాడు.

ఎందుకు ఊరుకున్నాడంటే, టర్కీ కోసం.

కెంటకీ పడమటి కొసన, గ్రీన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, నవంబరు ఆఖర్న వచ్చే థాంక్స్‌గివింగ్ పండగనాడు ప్రూయిట్ల ఇంట పొగబెట్టి వండే టర్కీ కోడి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆర్లిస్ చేతిదే. మిగతా చుట్టాలు ఒకరు చిలగడదుంపలు, ఒకరు మొక్కజొన్న రొట్టె, ఒకరు గుమ్మడికాయ ‘పై’ మిఠాయి తెస్తారు. అవి బాగుంటే సరి, లేకపోతే ఏడాదంతా చెప్పుకుని నవ్వుకోవడానికి పనికొస్తాయి. టర్కీ అలా కాదు. టర్కీ చెడితే పండగే చెడినట్టు. బడి బస్సుల షెడ్డులో మెకానిక్కుగా రిటైరయ్యాక "ఆర్లిస్ ఉన్నాడుగా, చూసుకుంటాడులే" అని నలుగురూ నిశ్చింతగా వదిలేసే పని అతనికి ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోతే, పండగనాడు సోఫాలో కూర్చుని ఫుట్‌బాల్ చూసే ముసలాళ్ళలో అతనూ ఒకడు.

కాజెయ్యడానికి మనిషి కూడా సిద్ధంగానే ఉన్నాడు. లవోన్ తమ్ముడు రాయ్‌స్. రాయ్‌స్ కిందటేడు కొత్త పొగపొయ్యి కొన్నాడు. దానికి కరెంటు తీగ ఉంటుంది. సోఫాలో కూర్చుని ఫోన్ నొక్కితే వేడి పెరుగుతుంది, నొక్కితే తగ్గుతుంది. "ఈసారికి నాకొదిలెయ్ బావా, నువ్వు హాయిగా కూర్చో" అని సెప్టెంబరు నుంచి మూడుసార్లు అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అదే ఆర్లిస్‌కి మరీ మంట.

ఇక్కడ ఆర్లిస్ స్వయంకృతాపరాధం ఒకటుంది. టర్కీని పొగ మీద పెట్టే ముందు ఒక రోజంతా ఉప్పునీళ్ళలో నానబెట్టాలి. అలా నానితేనే అయిదారు గంటల పొగకి కూడా మాంసం ఎండిపోకుండా ఉంటుంది. ఆ ఉప్పునీళ్ళకి అందరూ ఇన్ని నీళ్ళకి ఇంత ఉప్పని కొలత పెట్టుకుంటారు. ఆర్లిస్ పెట్టుకోలేదు. పెట్టుకోకపోగా, ఏటా చెంచా పైకెత్తి చూపించి, "కొలత గిన్నెలు నాలుక లేనివాళ్ళకి" అని రాయ్‌స్‌ని అందరి ముందూ ఏడిపించేవాడు. చుట్టాలందరి నాలుకలూ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతని చేతికి అలవాటు పడిపోయాయి. ఉప్పు డబ్బా వెనక అచ్చేసిన కొలత ప్రకారం చేస్తే మొదటి ముద్దకే పట్టేస్తారు. ఇప్పుడు నాలుక లేనివాడు ఎవరయ్యా అంటే తనే.

"నాలుగోసారి నాకుతున్నావు. ఆ చెంచాకేమైనా తేనె రాశావా అల్లుడూ?"

ఆర్లిస్ ఉలిక్కిపడ్డాడు. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు ఐడెల్లా నిద్రపోతోందనుకున్నాడు. ఆవిడకి తొంభై ఏళ్ళు. గుండె మొరాయించిందని రెండేళ్ళ కిందట కూతురు తన ఇంటికి తెచ్చుకుంది. ఆ రోజు నుంచి డాక్టరు ఆవిడకి ఉప్పు మాన్పించాడు. లవోన్ ఆ మాటని డాక్టరు కంటే గట్టిగా పట్టుకుంది. ఇంట్లో ఉప్పు పై అరలో, ముసలావిడ చేతికందని ఎత్తులో ఉంటుంది. ఐడెల్లా అప్పట్నుంచీ ఉడకబెట్టినవి తింటూ, ఇంట్లో అందరినీ కళ్ళతో తింటూ కాలక్షేపం చేస్తోంది.

అల్లుడి టర్కీ గురించి ఆవిడ ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో అన్న పెద్ద మాట "తినొచ్చు."

"ఏం లేదత్తా. ఉప్పు చూస్తున్నా."

"చూడ్డానికి నాలుగు చెంచాలా? ఏటా ఒకటి నాకి, మూతి తుడుచుకుని, రాజుగారిలా తలాడించేవాడివి." ఆవిడ ముందుకి వంగింది. "మొన్న పాలు విరిగిపోతే గడగడా తాగేశావు. పోయిన వారం మాడిన బీన్స్ రెండోసారి వడ్డించుకున్నావు. మా అమ్మాయికి కళ్ళు లేవు కానీ నాకున్నాయి. నీ నోటికేమైంది?"

ఆర్లిస్‌కి అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ తొంభై ఏళ్ళ మనిషి అలా గుచ్చి చూస్తుంటే, ఆ అబద్ధం ఎందుకూ పనికిరాదని తెలిసిపోయింది. స్టవ్ తగ్గించి, ముక్కాలి పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. అంతా చెప్పేశాడు. మూడు నెలలుగా ఎవరికీ చెప్పని మాటలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి. చెప్పాక ప్రాణం హాయిగా అనిపించింది, సిగ్గు కూడా వేసింది.

ఐడెల్లా అంతా విని కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత బొజ్జ కదిలేలా నవ్వడం మొదలెట్టింది.

"నవ్వుతారేంటత్తా?"

"నవ్వక ఏం చెయ్యను? నోరు బాగున్నదాన్ని, నాకేమో ఉప్పు లేదు. నీ దగ్గర డబ్బాడు ఉప్పుంది, నోరు లేదు. పైవాడికి పంపకాలు చేతకావు అల్లుడూ." చెయ్యి చాచింది. "ఇటు తే ఆ చెంచా."

"డాక్టరు..."

"మింగనులే. ఉమ్మేస్తా."

"లవోన్‌కి తెలిస్తే నన్ను కూడా ఆ కుండలోనే ముంచుతుంది."

"లవోన్ జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళింది. ఆ పిల్ల అక్కడ కూర్చుంటే ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చినట్టే. గంటన్నర రాదు. నీకు నాలుక కావాలా అక్కర్లేదా?"

కావాలి. ఆర్లిస్ చెంచా ముంచి, ఊది, చంటిపిల్లకి పట్టినట్టు ఆవిడ నోటికి అందించాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. మరుక్షణం గట్టిగా తెరిచింది.

"అమ్మో! ఇదేంటిది, ఇందులో ఏమైనా పీనుగుని దాచిపెడతావా? నీళ్ళు పొయ్యి, నీళ్ళు!"

ఆర్లిస్ చెంబెడు పోశాడు. ఇంకో చెంచా. "ఊహూఁ, ఇంకా." ఇంకో చెంబు. "ఇంకా." కుండ అంచు దాకా వచ్చింది. పెద్ద కుండ తెచ్చి అందులోకి మార్చాడు. ఆవిడ ఏ చెంచా కూడా ఉమ్మలేదు. అతను అడగలేదు. ఆరో చెంచాకి ఆవిడ మొహం విప్పారింది. ముడతలన్నీ ఒక్కసారి సర్దుకున్నట్టయింది.

"ఇదీ," అంది. "ఇప్పుడు కుదిరింది. ఉండు, ఇంకొక్క చెంచా, రూఢి చేసుకుంటా."

ఆ ఒక్క చెంచా మూడయింది. ఆర్లిస్ చెంచా లాక్కోవాల్సొచ్చింది.

తర్వాత పని చకచకా జరిగింది. నీళ్ళు చల్లార్చి, ఐసుముక్కలు గుమ్మరించి, పక్క పొలం వాళ్ళ దగ్గర తెచ్చిన పక్షిని పెరటి వసారాలోని ఐస్‌పెట్టెలో దించి, మునిగేదాకా పోసి, తేలకుండా పైన పళ్ళెం బోర్లించి, పళ్ళెం మీద బరువు పెట్టాడు. ముందే ఉప్పు ఎక్కించి అమ్మే పక్షుల్ని అతను గడప తొక్కనివ్వడు. లవోన్ కొత్త జుట్టుతో వచ్చేసరికి అత్తా అల్లుడూ చెరో కుర్చీలో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నారు. ఇద్దరూ అంత సఖ్యంగా ఉండటం చూసి లవోన్‌కే అనుమానం వచ్చింది.

"మీ ఇద్దరూ దెబ్బలాడుకోలేదా ఇవాళ?"

"ఇంకా పొద్దుంది కదే," అంది ఐడెల్లా.

మర్నాడు బుధవారం, పండగకి ఇంకొక్క రోజుందనగా, పొద్దున్నే ఆర్లిస్ పక్షిని పైకి తీసి, నీళ్ళు ఓడ్చి, గుడ్డతో పొడిగా అద్దాడు. చెయ్యి తిరిగిన పని, మనసు తేలిగ్గా ఉంది. ఈల కూడా వేశాడు. ఉప్పు డబ్బా పై అరలో పెడదామని చేతిలోకి తీసుకున్నాడు. అక్కడ ఈల ఆగిపోయింది.

డబ్బా బరువుగా ఉంది.

ఏటా ఈ పాటికి డబ్బా అడుగున గుప్పెడు మిగిలేది. ఆ గుప్పెడూ మెట్ల మీద పేరిన మంచు కరగడానికి చల్లి డబ్బా పారేసేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే సైజు డబ్బా, అదే గుప్పెడు. నాలుక, నాలుక అని ఇన్నాళ్ళూ విర్రవీగాడు కానీ, కొలత మొదటినుంచీ ఆ డబ్బాలోనే ఉందన్నమాట. ఈసారి సగం డబ్బా అలాగే మిగిలింది. నీళ్ళేమో ఎప్పటికంటే మూడు చెంబులు ఎక్కువ పడ్డాయి. ఆర్లిస్ చెక్కబల్ల మీద కూలబడి, ఆ తెల్లటి పక్షి వంక చూశాడు. ఒక పగలూ ఒక రాత్రీ అది నానింది ఉప్పునీళ్ళలో కాదు, మామూలు నీళ్ళలోనే అనుకోవచ్చు.

డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళాడు. లవోన్ మేడ మీద పక్కలు సర్దుతోంది. ఐడెల్లా ఉప్పు లేని ఓట్స్ జావ తాగుతోంది.

"అత్తా," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ జావ ఎలా ఉంది?"

"ఇవాళ మా అమ్మాయి కాస్త ఉప్పు వేసినట్టుంది. పోనీలే, మనసు కరిగింది."

"అందులో ఒక్క రవ్వ కూడా వెయ్యలేదు. నేను చూశాను."

ఐడెల్లా గిన్నె లోపలికి చూసింది. అల్లుడి చేతిలో డబ్బా చూసింది. ఆవిడ బుర్రకి తొంభై ఏళ్ళొచ్చినా తుప్పు పట్టలేదు.

"రెండేళ్ళు," అంది మెల్లగా. "రెండేళ్ళు గడ్డి తింటే, ఉత్త నీళ్ళు కూడా ఉప్పగానే ఉంటాయి కాబోలు."

"మీ నాలుకని నమ్ముకున్నానత్తా నేను!"

"నీకు నాలుకే లేదు. ఉన్నదాన్ని అరువు తెచ్చుకుని మళ్ళీ వంకలా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోపం రావాల్సిన చోట ఆర్లిస్‌కి నవ్వొచ్చింది. ఆవిడకి ముందే వచ్చేసింది. ఉప్పు లేనిదీ నోరు లేనివాడూ కలిసి వండితే ఇంకేమవుతుంది? పైనుంచి లవోన్ "ఏంటా నవ్వులు?" అని కేకేసింది. ఇద్దరూ నోళ్ళు నొక్కుకున్నారు.

నవ్వయితే నవ్వారు కానీ పక్షి అలాగే ఉంది. మళ్ళీ ఉప్పునీళ్ళు కలిపి ముంచుదామంటే రేపటికి తోలు ఆరదు. తోలు ఆరకపోతే పొగలో పెళుసెక్కదు. ఇక మిగిలింది ఒకటే దారి, పొడి ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లారేదాకా మాంసాన్ని తాగనివ్వడం. ఎంత పట్టించాలి? ఆర్లిస్ నాన్న పంది తొడలకి ఉప్పు పట్టించేవాడు. ఆయన వేళ్ళ సందుల్లోంచి ఉప్పు ఎలా జారేదో ఆర్లిస్‌కి కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. గుర్తున్నది వేళ్ళు మాత్రమే, లెక్క కాదు. రొమ్ము మీద తోలు పైకెత్తి, లోపలికి చెయ్యి పోనిచ్చి, రాసుకుంటూ పోయాడు. తొడలకి కాస్త ఎక్కువ, రెక్కలకి తక్కువ. చాలిందో, ఎక్కువైందో చెప్పేవాళ్ళు లేరు. తలుపు మూశాక చేతులు కడుక్కుంటూ, జీవితంలో మొదటిసారి, ఆ పక్షి విషయంలో అతనికి భయం వేసింది.

సాయంత్రం నాలుగింటికి రాయ్‌స్ పిల్లాపాపలతో దిగాడు. అతని ట్రక్కు వెనక తాళ్ళతో కట్టిన ఆ కరెంటు పొయ్యి కూడా దిగింది.

"ఊరికే తెచ్చాలే బావా. అవసరం పడితే ఉంటుందని."

"దేనికవసరం?"

"ఏమో, నీకు ఒంట్లో బాగోకపోతే..." రాయ్‌స్ బూట్లతో నేలని గీకాడు. "అక్క చెప్పింది, ఆగస్టులో బాగా పడిపోయావట కదా. పొద్దున్నే లేచి ఆ చలిలో నిలబడ్డం దేనికి? పక్షిని ఇచ్చెయ్, నాలుగు మీటలు నొక్కి పడుకుంటా. వేడి తప్పు పోదు, పొగ తప్పు పోదు."

ఒక్క క్షణం ఆర్లిస్‌కి ఇచ్చేద్దామనిపించింది. పొయ్యి వాడిదయితే, ఉప్పు తేడా వచ్చినా తప్పు వాడి పొయ్యి మీదకి పోతుంది. అంత నీచమైన ఆలోచన తనకెలా వచ్చిందా అని వెంటనే చెవులు వేడెక్కాయి.

అతను నోరు తెరిచేలోపే వసారాలోంచి ఐడెల్లా అందుకుంది. "ఒరే రాయ్‌స్, నీ పొయ్యిని అలాగే ట్రక్కులో ఉండనియ్. అంత తెలివైన వస్తువుకి చలేస్తుంది, దుప్పటి కప్పు."

"అమ్మా, నువ్వెప్పుడూ బావ టర్కీ తిట్టేదానివి కదా!"

"తిట్టడానికి నాకు హక్కుంది. ఆ పక్షి మా ఇంటిది."

తెల్లారక ముందే లేవడం ఆర్లిస్‌కి కష్టం కాదు, ఇష్టం. పాత నూనె పీపాని అడ్డంగా కోసి, తలుపు బిగించి, పక్కన నిప్పుల గూడు అతికించి తనే చేసుకున్న పొయ్యి అది. హికరీ అనే గట్టి చెట్టు కట్టెలు పేర్చి అంటించాడు. నది మీద మంచు తెరలు తెరలుగా కదులుతోంది. గడ్డి మీద నడుస్తుంటే బూట్ల కింద కరకరమంటోంది.

పొగ వాసన రాలేదు. రాదని తెలుసు, అయినా ఒకసారి గట్టిగా పీల్చి చూశాడు. కళ్ళు మండాయి అంతే. కానీ పొయ్యి దగ్గర నిలబడ్డ కాసేపటికి ఒక సంగతి తెలిసొచ్చింది. ఇక్కడ అతనికి ముక్కుతో పెద్దగా పని లేదు. గొట్టంలోంచి పొగ తెల్లగా, బొద్దుగా వస్తుంటే నిప్పు ఉక్కిరిబిక్కిరవుతోందని అర్థం. గూడు తలుపు వేలెడు తెరవాలి. పల్చగా, నీలంగా, కనపడీ కనపడనట్టు వస్తే అదే సరైన పొగ. కట్టె చిటపటమనే తీరులో తడి ఎంతుందో తెలుస్తుంది. ఇనుము మీద అరచెయ్యి ఎంతసేపు ఆగుతుందో దాన్నిబట్టి వేడి తెలుస్తుంది. ఇవన్నీ ఎక్కడికీ పోలేదు. ఆగస్టు జ్వరం వీటి జోలికి రాలేదు. కాఫీ కప్పు పట్టుకుని, ఆ నీలపు పొగని చూస్తూ, ఆర్లిస్ అయిదున్నర గంటలు గడిపాడు. పక్షి మొదట పసుపెక్కింది, తర్వాత రాగి రంగు, తర్వాత పాత పియానో రంగు. రొమ్ములో గుచ్చిన థర్మామీటరు ముల్లు నూట అరవై అయిదు ఫారెన్‌హీట్ దగ్గర ఆగింది. తీసుకెళ్ళి వంటింటి బల్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పాడు. చూడ్డానికి ఇంత అందమైన పక్షి ముప్ఫై ఒక్క ఏళ్ళలో రాలేదు. అందం సరే, లోపలేముందో దేవుడికే తెలియాలి.

ఒంటిగంటకి పద్నాలుగు మందీ బల్ల చుట్టూ సర్దుకున్నారు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ముద్ద నోట్లో పెట్టే ముందు ఒక్కొక్కరూ ఈ ఏడాది తమకి జరిగిన మంచి ఒకటి చెప్పి, అందుకు కృతజ్ఞత తెలుపుకోవాలి. ఆర్లిస్ వంతు ఎప్పుడూ ఆఖర్న వస్తుంది. ఏటా అతను "చల్లారిపోతోంది, తినండి" అని కత్తి తీసుకుంటాడు. అందరూ నవ్వుతారు. అదీ ఆనవాయితీయే.

ఒకరు కొత్త ఉద్యోగం అన్నారు. ఒకరు మోకాలి ఆపరేషన్ అన్నారు. రాయ్‌స్ తన పొయ్యి పేరెత్తబోయి, తల్లి చూపు తగిలి పిల్లల పేరెత్తాడు. ఐడెల్లా "ఇంకా ఉన్నాను" అంది, అంతే. తర్వాత లవోన్ లేచి నిలబడింది. ఆమె నిలబడి చెప్పడం కొత్త.

"నేను మా ఆయన గురించి చెప్పాలి," అంది. "ఆగస్టులో అంత జబ్బు చేసి లేచాక, ఆర్లిస్ నా వంటకి ఒక్క వంక పెట్టలేదు. మాడినా, ఉప్పు మర్చిపోయినా, బాగుంది లవోన్ అంటూ మళ్ళీ వడ్డించుకుంటున్నాడు. నలభై రెండేళ్ళలో పొగడనంత ఈ మూడు నెలల్లో పొగిడాడు. చావుదాకా వెళ్ళొస్తే మనిషి మారతాడంటారు కదా. నాకు చాలా సంతోషంగా ఉంది." ఆమె చేతిగుడ్డ ఒళ్ళో పరుచుకుని కూర్చుంది.

బల్ల చుట్టూ అందరూ ఆర్లిస్ వంక మెచ్చుకోలుగా చూశారు. అతనికి నేల చీలి లోపలికి పోతే బావుండుననిపించింది. కత్తి చేతిలోకి తీసుకున్నాడు. "చల్లారి..." అన్నాడు. కత్తి కింద పెట్టేశాడు.

"నాకు రుచి తెలియట్లేదు," అన్నాడు. "జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ. వాసన కూడా. డాక్టరు తిరిగొస్తుందని చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు నేను. చెప్తే దీన్ని నా చేతికివ్వరని." పక్షి వైపు చూపించాడు. "ఉప్పు నీళ్ళ దగ్గరే తప్పింది. తర్వాత ఏదో చేశాను. చప్పగా ఉందో, ఉప్పు కషాయంలా ఉందో నాకు తెలియదు. మీరు ఏటా బాగుందనే అంటారు. ఈసారి అలా అనకండి. నిజం చెప్పండి."

లవోన్ మళ్ళీ లేచింది.

"అంటే మాడిన బీన్స్..."

"తెలియలేదు."

"ఉప్పు మర్చిపోయిన సూప్..."

"తెలియలేదు లవోన్."

"ఓరి నీ ఇల్లు బంగారం కాను! నీకు బుద్ధొచ్చిందని నేను పొంగిపోతుంటే, నీకు నాలుక పోయిందా!" అంటూ చేతిలో గుడ్డతో అతని భుజం మీద ఒక్కటిచ్చింది. ఆ వెంటనే ఆ భుజాన్నే పట్టుకుని నిలబడిపోయింది. "మూడు నెలలు ఒక్కడివీ ఎలా దాచుకున్నావు?" అంది, ఈసారి మెల్లగా.

ఈలోపు రాయ్‌స్ కత్తి తీసుకుని, రొమ్ములోంచి ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. అందరూ అతని దవడల వంకే చూశారు. రాయ్‌స్ నిదానంగా నమిలాడు. మింగాడు.

"సరిగ్గా ఉంది బావా."

"జాలిపడి చెప్పకు."

"జాలా? సరిగ్గా లేకపోతే వచ్చే ఏడు పొయ్యి నాదయ్యేది. నాకేం లాభం అబద్ధం చెబితే?" అన్నాడు రాయ్‌స్ ఉక్రోషంగా. "వచ్చే ఏడు ఉప్పునీళ్ళ దగ్గర చెంచా నేను పడతా. నిప్పు మాత్రం నీదే. నేను అన్ని గంటలు చలిలో నిలబడలేను, నాకు ఫోనుంది."

ఆర్లిస్‌కి నమ్మకం కుదరలేదు. బావమరిది మంచివాడు, మంచివాళ్ళని ఇలాంటి విషయాల్లో నమ్మకూడదు. అతని కళ్ళు బల్ల చివరకి వెళ్ళాయి. అక్కడ ఐడెల్లా ముందు ఉప్పు లేకుండా ఉడికిన కోడిముక్క, పాలిపోయి, దిగులుగా పడుంది. ఆవిడ ఆ పళ్ళేన్ని పక్కకి నెట్టి, లేచి, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి అల్లుడి పక్క కుర్చీలో కూర్చుంది. తోలుతో సహా ఒక ముక్క తుంచుకుంది.

"అమ్మా!" అంది లవోన్.

"ఒక్క ముక్కకి చావను. పోయినా, నోరు బాగుండగా పోతాను."

ముందు పళ్ళతో నమిలింది. నాలుక మీద ఆపింది. మొహం చిట్లించింది.

"నాకు ఉప్పెక్కువైంది," అంది.

ఆర్లిస్ తల వాలిపోయింది.

"నాకెక్కువైందంటే వీళ్ళకి సరిపోయిందని. తలెత్తు." ఆవిడ ఇంకో ముక్క తుంచి అతని పళ్ళెంలో వేసింది. "నువ్వూ తిను. మింగెయ్యకు, నేను చెప్పేదాకా నములుతూ ఉండు."

అతను నోట్లో పెట్టుకున్నాడు. మెత్తగా, వేడిగా, ఏమీ లేకుండా ఉంది.

"ముందు తోలు. పళ్ళ కింద పెళుసుగా విరుగుతోంది, విరిగాక తియ్యగా ఉంది, పంచదార అక్కడే పట్టింది," అని ఐడెల్లా కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "ఇప్పుడు పొగ వస్తోంది. దగ్గొచ్చే పొగ కాదు. మా నాన్న పొగాకు కొట్టంలో హికరీ మంట పెట్టేవాడు, ఆయన కోటు మర్నాడు కూడా ఆ వాసనేస్తూ గుమ్మం దగ్గర వేలాడుతూ ఉండేది చూడు, ఆ కోటు పొగ. నీకు తెలుసు అది."

ఆర్లిస్ తలూపాడు. తెలుసు. వాళ్ళ నాన్నకీ అలాంటి కోటుండేది.

"ఇప్పుడు మాంసం. నీరు ఉంది. నములుతుంటే ఊరుతోంది. ఉప్పు పైపైన లేదు, ఎముక దాకా దిగింది. గొంతు దగ్గర మిరియం ఒక్కసారి గిల్లింది. ఆఖర్న నారింజ, ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఒలుస్తున్నట్టు." ఆవిడ కళ్ళు తెరిచింది. "చాలా బాగుంది అల్లుడూ. ఇన్నేళ్ళూ బాగానే ఉండేది. నేనే చెప్పలేదు."

ఆర్లిస్ నోట్లో నీళ్ళూరాయి. రుచి రాలేదు. కానీ ఆ ముక్క ఎలా ఉందో అతనికి వెంట్రుక వాసి తేడా లేకుండా తెలిసింది. మింగాడు. కళ్ళు తుడుచుకోడానికి అడ్డం పెట్టుకుందామంటే అక్కడ పొగ కూడా లేదు. తుడుచుకున్నాడు, ఎవరు చూస్తే ఏం.

బల్ల మీద పళ్ళేలు కదిలాయి, గరిటెలు మోగాయి. లవోన్ అతని పక్కకి కుర్చీ జరుపుకుని, తన బీన్స్ ఒక గరిటె అతని పళ్ళెంలో వేసి, "వీటి గురించి నేను చెప్తా, నిజమే చెప్తా" అంది. ఆర్లిస్ కాలిముక్క ఒకటి కోసుకుని నోటి దగ్గర పట్టుకున్నాడు.

"కాలు సంగతి చెప్పండత్తా."

"ఆగమ్మా, కాలు నేను చెప్తా," అంటూ రాయ్‌స్ బల్ల అవతల నుంచి లేచి వచ్చాడు. "నాకు కాలంటేనే ఇష్టం."

"చెప్పు," అని ఆర్లిస్ నమలడం మొదలుపెట్టాడు.